నల్లగీతల పట్టీ

మూడూ ఇరవై అయ్యేసరికి ఆమె చేతులు బల్ల మీదున్నా కాళ్లు మాత్రం గుమ్మంలో ఉంటాయని ఆ గదిలో వాళ్లంటారు. అందుకే ఆమెకి పరుగమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరులో ఎగతాళి కొంత, జాలి కొంత. ఆమె రెండిటికీ నవ్వి ఊరుకుంటుంది. కోపం తెచ్చుకోవడానికైనా కాస్త తీరిక ఉండాలి కదా.

ఆ గది పెద్దాసుపత్రి నేలమాళిగలో ఉంది. ఆపరేషన్లకి వాడిన కత్తెరలు, పట్టకార్లు, రక్తనాళాల్ని నొక్కిపట్టే క్లాంపులు ముందు పక్కగదిలో కడిగి, గోడకున్న చిన్న కిటికీలోంచి ఈ గదిలోకి తోస్తారు. ఇక్కడ నలుగురు ఆడవాళ్లు ఒక్కొక్కటీ విప్పి, దీపం కింద పట్టి చూసి, జాబితా ప్రకారం ట్రేలో పేర్చి, రెండు పొరల ఆకుపచ్చ గుడ్డలో మూటకడతారు. మూట మీద ఒక పట్టీ అంటిస్తారు. దాని మీద లేతరంగు గీతలుంటాయి. ఆవిరి యంత్రంలో ఉడికి బయటికొచ్చేసరికి ఆ గీతలు నల్లబడతాయి. నల్లబడితే ఆవిరి సరిగ్గా తగిలిందని గుర్తు. ఆ పట్టీ మీదే మూట కట్టిన మనిషి తన గుర్తు పెట్టి, టైము రాయాలి. పరుగమ్మ గుర్తు మూడు చుక్కలు. పక్కబల్ల పెద్దక్క గుర్తు చిన్న సున్నా.

పని ఎనిమిది నుంచి నాలుగు దాకా. పరుగమ్మ భర్త ఊరికి ఆ చివర కోల్డ్ స్టోరేజీలో పెట్టెలు మోస్తాడు. నాలుగున్నరకి అతను గేటు లోపలుండాలి, అంటే నాలుగింటికి ఇల్లు వదలాలి. ఆమె నాలుగింటికి ఇక్కడ వదిలితే ఇల్లు చేరేసరికి నాలుగున్నర. ఆ మధ్య అరగంట నాలుగేళ్ల పాప ఒక్కతే ఉండాలి. పాపకి మూర్ఛలొస్తాయి. అవి చెప్పి రావు. పిల్లల్ని చూసుకునే చోట్లు దగ్గర్లో రెండుంటే, ఒకచోట సంగతి విని వద్దన్నారు, రెండోచోట చూసి వద్దన్నారు. పక్కింటావిడ మంచిదే గానీ, పాప కళ్లు తేలేసిన రోజున ఆవిడే గోడకి జారగిలబడి ఏడ్చింది. ఆవిణ్ణి ఓదార్చడానికి ఇంకో మనిషి కావలసి వచ్చింది.

గది బయట గోడ మీద ఒక పెద్ద బొమ్మ ఉంది. ఒక తల్లి పాపని ఎత్తుకుని పళ్లన్నీ కనబడేలా నవ్వుతుంటుంది. 'ఉద్యోగమూ మీదే, కుటుంబమూ మీదే. మీ వెనక మేమున్నాం' అని కింద రాసుంది. దాని కిందే అర్జీల పెట్టె. పరుగమ్మ అందులో మూడు అర్జీలు వేసింది. అరగంట ముందొస్తాను, అరగంట ముందెళ్తాను అని. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అడిగినా పెట్టలేదు, పెట్టం అని కూడా చెప్పలేదు.

పెట్టింది పెద్దక్క. రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, గడియారం వైపు చూసి చూసి పరుగమ్మ మెడ పట్టేసేలా ఉందని, నువ్వెళ్లు, మూడు చుక్కలు పెట్టడం నాకు మాత్రం రాదా అంది. అప్పటినుంచీ మూడున్నర తర్వాత పరుగమ్మ బల్ల మీద మిగిలిన రెండు మూటలూ పెద్దక్కే కడుతోంది, మూడు చుక్కలూ పెద్దక్కే పెడుతోంది. బదులుగా ఆవిడ అడిగేది ఒక్కటే. జాబితా పైకి చదవమంటుంది. "నా కళ్లజోడు కాళ్లొచ్చి ఎటో పోయిందమ్మాయ్" అంటుంది. పొద్దున్నే రావడం రావడం పదిహేడో నంబరు బస్సుని తిట్టుకుంటూ వస్తుంది. ఆ బస్సువాడు మనుషుల్ని ఎక్కించి ఎముకల మూటల్ని దింపుతాడట. పరుగమ్మ నవ్వుతూ జాబితా చదువుతుంది, పెద్దక్క చేతులు ఒక్కొక్క పనిముట్టునీ ట్రేలో పేరుస్తాయి. ఇద్దరూ కలిసి చేస్తే పని పాటలా సాగుతుంది.

సోమవారం పొద్దున సూపర్‌వైజర్ పరుగమ్మని తన గదికి పిలిచింది. బల్ల మీద ఒక తెల్లకాగితం, దాని మీద అంటించిన పట్టీ. నల్లబడ్డ గీతల మధ్య మూడు చుక్కలు. పక్కన టైము, మూడూ యాభై.

శనివారం రాత్రి ఒక ఆపరేషన్ మధ్యలో ఆ మూట విప్పారట. క్లాంపు ఒకటి తెరిస్తే కీలు సందులో ఎండిన పాత రక్తం పెచ్చులా ఊడి వచ్చిందట. రోగి కడుపు తెరిచి ఉంచి, వేరే ట్రే వచ్చేదాకా ఇరవై నిమిషాలు ఆగారట. ఆవిడ ఇప్పుడు రెండో అంతస్తులో ఉంది, జ్వరం దిగలేదు. సూపర్‌వైజర్ ఇదంతా గొంతు పెంచకుండా చెప్పింది. బుధవారం పొద్దునకల్లా రాతపూర్వకంగా జవాబివ్వమంది.

పరుగమ్మ ఆ మూడు చుక్కల్నే చూస్తూ నిలబడింది. ఆమె పెడితే చుక్కలు వరసగా ఉంటాయి. ఇవి ఒకటి పైకి, ఒకటి కిందికి జారి ఉన్నాయి. శనివారం మూడూ యాభైకి ఆమె బస్సులో ఉంది, కిటికీ ఊచ పట్టుకుని నిలబడి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. బయటపెడితే తను అక్కడ లేనని తెలుస్తుంది. ఒక్క శనివారమే కాదు, రెండేళ్లుగా లేనని తెలుస్తుంది. కక్కలేక మింగలేక, సరే మేడమ్ అని బయటికొచ్చింది.

ఆ రోజు ఆమె మొదటిసారి పెద్దక్క చేతుల్ని పనిగట్టుకుని చూసింది. రెండేళ్లుగా పక్కనే ఉన్న చేతులు. పెద్దక్క క్లాంపు తీస్తుంది, తెరుస్తుంది, చూపుడువేలు కొనతో కీలు లోపల నిమురుతుంది, మూస్తుంది, పెడుతుంది. దీపం కింద పట్టడం కూడా పడుతుంది. కానీ ఆ సమయంలో ఆవిడ ముఖం దీపం వైపు లేదు. ఎదురుగా ఉన్న గోడ వైపు ఉంది.

పరుగమ్మ తన ట్రేలోంచి ఒక పట్టకారు తీసింది. కడుగుడులో తప్పించుకుని వచ్చిన మరక ఒకటి దాని మొన మీద గోధుమరంగులో కనబడుతోంది. మళ్లీ కడగమని కిటికీలోంచి వెనక్కి తోయాల్సింది. అలా చేయకుండా దాన్ని పెద్దక్క ముందున్న కుప్పలో పెట్టింది. అలా చేసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. పెద్దక్క దాన్ని తీసింది, తెరిచింది, వేలితో నిమిరింది, దీపం కింద పట్టింది, బాగున్నవాటి వరసలో పెట్టేసింది.

"అక్కా" అని పరుగమ్మ మెల్లగా అని, ఆ పట్టకారు తిరిగి తీసుకుంది.

పెద్దక్క చేతులు ఆగిపోయాయి. ఏం జరిగిందో ఆవిడకి చెప్పనక్కర్లేకపోయింది. మిగతా ఇద్దరూ ఆవిరి యంత్రం దగ్గర ఉన్నారు, దాని హోరులో ఇక్కడి మాట అక్కడికి వినబడదు.

"ఎప్పట్నుంచి?"

"పోయిన చలికాలం నుంచి మరీ ఎక్కువైంది" అంది పెద్దక్క. "మధ్యలో మసక. పక్కలమ్మట కనిపిస్తుంది. నీ ముఖం కనపడదు గానీ నీ చెవులు కనపడతాయి." నవ్వబోయింది, అది నవ్వులా రాలేదు.

డాక్టరుకి చూపించానంది. ఆపరేషన్‌తో పోయే రకం కాదన్నాడట. పై ఆసుపత్రిలో ఇన్ని ఆపరేషన్లు చేస్తారు గానీ, కింద మూటలు కట్టేదాని కళ్లకి చేసేదేమీ లేదట. నువ్వు పక్కనుంటే నాకు భయం లేదు, అంది. నువ్వు జాబితా చదువుతావు, ఎక్కడన్నా మచ్చుంటే నా చెయ్యి పడకముందే తీసి పక్కన పెడతావు, తీసిన సంగతి నీకే తెలీదు. మూడున్నర దాకా ఇబ్బంది లేదు.

మూడున్నర తర్వాత ఏమిటో పరుగమ్మ అడగలేదు. ఇన్నాళ్లూ తను పెద్దక్క దగ్గర అరగంట తీసుకుంటున్నాననుకుంది. మూడున్నరకి తను గుమ్మం దాటగానే ఆవిడ కళ్లు కూడా తనతో పాటే బయటికి నడిచిపోతున్నాయి. వెనక మిగిలేది ఒక వేలు. ఆ వేలికి రక్తం ఎండిన పెచ్చుకీ ఇనుముకీ తేడా తెలియని రోజు ఒకటి రావలసే ఉంది, వచ్చింది.

"నువ్వు లేనని రాసెయ్" అంది పెద్దక్క. "ఆ చుక్కలు నావని రాయి. నేనెన్నాళ్లు చేస్తాలే ఇంక."

"రాస్తే నేనూ పోతాను కదక్కా."

పెద్దక్క ఆ సంగతి ఆలోచించినట్టు లేదు. ఆవిడ ముఖం చిన్నపిల్ల ముఖంలా అయిపోయింది. ఆ రోజూ పరుగమ్మ మూడున్నరకి వెళ్లింది, వెళ్లక తప్పదు గనక. వెళ్లేముందు తన ట్రేలన్నీ తనే ముగించింది, మధ్యాహ్నం తిండి మానేసి. పెద్దక్క బల్ల మీద మడతపెట్టాల్సిన గుడ్డలు మాత్రమే మిగిల్చింది.

ఆలుమగలిద్దరూ రోజులో మెలకువగా ఎదురుపడేది గుమ్మంలోనే. ఆమె మెట్లెక్కి వచ్చేసరికి అతను బూట్లు వేసుకుని, చంకలో పాపతో తలుపు తీసి ఉంటాడు. పాప ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మారుతుంది. మందు వేశానా లేదా, తిన్నదా లేదా, నిద్రపోయిందా లేదా, అంతే మాటలు. రెండు నిమిషాల కాపురమని అతను హాస్యమాడతాడు. సోమవారం నాటి రెండు నిమిషాల్లో ఆమె సంగతి సగమే చెప్పగలిగింది. అతను సగమే విని మెట్లు దిగాడు.

అర్ధరాత్రి దాటాక అతను వచ్చేసరికి ఆమె పాప పక్కన ఒరిగి నిద్రపోయి ఉంది. లేపలేదు. పొద్దున ఆమె వెళ్లేసరికి అతను నిద్రలో ఉన్నాడు. ఆమె లేపలేదు. మిగతా సగం మంగళవారం సాయంత్రం గుమ్మంలో చెప్పింది. పెద్దక్క కళ్ల సంగతి చెప్పింది, రెండో అంతస్తులో ఆవిడకి జ్వరం ఇంకా దిగని సంగతీ చెప్పింది.

అతను పాపని అందించాడు గానీ కదల్లేదు. కోల్డ్ స్టోరేజీలో రెండు జతల మేజోళ్లు తొడుక్కోవాలి, రెండో జత ఇంకా అతని చేతిలోనే ఉంది. నేనూ అడిగానని చెప్పాడు, ఎప్పుడూ చెప్పని సంగతి. అరగంట ఆలస్యంగా వస్తానని పోయిన నెల మేస్త్రీని అడిగితే, పిల్లని ఆడించేవాడికి పెట్టెలు మోసే పనెందుకన్నాడట. పక్కనున్నవాళ్లంతా నవ్వారట.

"ఆవిడ పేరు చెబితే నీ ఉద్యోగం నిలుస్తుందా?" అన్నాడు.

"నిలవదు. నేను లేనని తేలుతుంది."

"నిలిచేదైతే?"

అతను మెట్ల మీద కూర్చుని రెండో జత మేజోళ్లు తొడుక్కున్నాడు. బూట్ల తాళ్లు కట్టుకున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"నేనే కట్టానని రాసెయ్. ఆవిడ ఇచ్చిన అరగంటలో మన పాప రెండేళ్లు బతికింది. ఏమైతే అదవుతుంది, చూసుకుందాం."

అప్పటికే అతనికి పది నిమిషాలు ఆలస్యమైంది. ఆ పది నిమిషాలకీ అక్కడ ఏ మాట పడిందో అతను ఆమెకి చెప్పలేదు. తలుపు వేసుకుని పరుగమ్మ చాలాసేపు ఏడ్చింది. పాప అమ్మ ముఖాన్ని రెండు చేతులతో తుడిచి, తుడిచిన చేతుల్ని గౌనుకి రాసుకుంది.

బుధవారం పొద్దున సూపర్‌వైజర్ గదిలో కాగితం ఇచ్చింది. 'మూట నేనే కట్టాను. సరిగా చూడలేదు. తప్పు నాదే.' మూడు వాక్యాలు. సూపర్‌వైజర్ కాగితాన్ని చదివి బోర్లించింది. ఆవిడ కూడా ఒకప్పుడు ఆ బల్లల దగ్గర పనిచేసిన మనిషే. వేళ్ల మీద ఆవిరి కాల్చిన పాత మచ్చలున్నాయి.

పరుగమ్మకి ఒక్క మాటైనా చెప్పాలనిపించింది. పెద్దక్క సంగతి కాదు. బల్లల దగ్గర వెలుతురు చాలడం లేదనో, ఒకరు చూసినదాన్ని ఇంకొకరు మళ్లీ చూడాలనో, ఏదో ఒకటి. రెండో అంతస్తులో పడుకున్న మనిషి ఆమెని రెండు రోజులుగా నిద్రపోనివ్వలేదు.

"మేడమ్, మూడున్నర తర్వాత—"

"వద్దు" అంది సూపర్‌వైజర్. "మూడున్నర తర్వాత నీ బల్ల దగ్గర ఎవరుంటారో నాకు తెలీదనుకున్నావా? చెప్పకు. చెబితే నేను వినాల్సొస్తుంది. వింటే రాయాల్సొస్తుంది. రాస్తే రెండేళ్లు నువ్వేం చేశావని నన్నడుగుతారు."

పరుగమ్మ తల వంచుకుని నిలబడింది. ఇదీ ఒక సాయమేనని ఆమెకి అప్పుడర్థమైంది. చూసీ చూడనట్టుండడం. ఇన్నాళ్లూ తన అరగంట పెద్దక్క చేతుల మీద ఒక్కటే నడవలేదు, ఈవిడ మూసుకున్న కళ్ల మీద కూడా నడిచింది. ఒకరికి కళ్లు లేవు, ఒకరు కళ్లు మూసుకున్నారు, తను గడియారం తప్ప ఏమీ చూడలేదు. ఆ ముగ్గురి మధ్యలోంచి జారి ఆ క్లాంపు పైకి వెళ్లింది.

పనిలోంచి తీసేయకుండా చూశానని సూపర్‌వైజర్ చెప్పింది. శిక్ష మాత్రం తప్పదు. రేపట్నుంచి కడుగుడు గదిలో పని. జీతం ఒక మెట్టు తక్కువ. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా.

పరుగమ్మ తలెత్తింది. సరిగా విన్నానా అని మళ్లీ అడిగింది. రెండింటికే అని సూపర్‌వైజర్ మళ్లీ చెప్పింది, కష్టమే గానీ తప్పదంది. మూడు అర్జీలు రాసినా రాని వేళ, ఒక మనిషి కడుపు తెరిచి ఉంచి ఇరవై నిమిషాలు ఆపితే వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియక ఆమె దణ్ణం పెట్టి బయటికొచ్చింది. తలకి వచ్చింది తలపాగాతో పోయిందని గదిలో వాళ్లన్నారు. పెద్దక్క మాత్రం పరుగమ్మ చెయ్యి వెతికి పట్టుకుని, కాసేపుంచుకుని, వదిలేసింది.

ఆ సాయంత్రం పరుగమ్మ పాపని ఒళ్లో పడుకోబెట్టుకుని మనసులోనే ఏర్పాట్లు చేసుకుంది. కడుగుడు గదిలో ఉంటే ప్రతి క్లాంపూ తన చేతి మీదుగానే వెళ్తుంది. కీలు కీలూ రెండుసార్లు బ్రష్షుతో తోమితే మచ్చన్నది అవతలికి పోదు. జాబితా కిటికీలోంచి చదవొచ్చు. రెండింటి దాకా పెద్దక్కకి కళ్లుంటాయి. రెండు తర్వాత నడుం నొప్పని చెప్పి గుడ్డలు మడతపెట్టుకోమంటే సరి. పెద్దక్కకి చెప్పి ఒప్పించాలనుకుంది. తన ఉపాయం తనకే ముచ్చటగా ఉంది. ఇది మళ్లీ పాత కథేనని, ఒకరి లోటు ఇంకొకరు కప్పడమేనని మనసు ఒక పక్కన గొణిగింది. ఆమె దాన్ని వినిపించుకోలేదు.

గురువారం ఆరింటికి కడుగుడు గదిలో రబ్బరు బూట్లు, మోచేతుల దాకా గ్లవ్స్, ముఖానికి అద్దం లాంటి తొడుగు ఇచ్చారు. అక్కడ ఏళ్లుగా పనిచేస్తున్న ముసలాయన తొట్టెలో నీళ్ల వేడి ఎంతుండాలో చూపించాడు. వేడి ఎక్కువైతే రక్తం గుడ్డు ఉడికినట్టు ఉడికి అంటుకుపోతుందని, గోరువెచ్చనే మంచిదని చెప్పాడు. పరుగమ్మ ఒక్కొక్క క్లాంపునీ తెరిచి, సన్నబ్రష్షు కీలులోకి దూర్చి తోమింది. కడిగింది, మళ్లీ తోమింది. ముసలాయన చూసి, ఇలాగైతే సాయంత్రానికి ఒక ట్రే అవుతుంది తల్లీ అన్నాడు. ఆమె చెయ్యి వేగం పెంచింది గానీ రెండోసారి తోమడం మానలేదు.

ఎనిమిది దాటాక అవతలి గదిలో దీపాలు వెలిగాయి. అలికిడి వినబడింది. మొదటి ట్రే తీసుకెళ్లి కిటికీ పలక మీద పెట్టింది. కిటికీ చిన్నది, అవతలి మనిషి చేతులే కనబడతాయి. రెండు చేతులు వచ్చి ట్రే అంచు పట్టుకున్నాయి. పరుగమ్మ జాబితా అందుకుని, అవతలికి మాత్రమే వినబడేంత గొంతుతో చదవడం మొదలుపెట్టింది. వంకర క్లాంపులు ఆరు, తిన్ననివి నాలుగు, పొడుగు పట్టకార్లు రెండు.

చేతులు కదల్లేదు. ఆ చేతులకి గులాబీరంగు వేసిన గోళ్లున్నాయి.

"ఎందుకండీ చదువుతున్నారు?" అంది ఒక లేతగొంతు. "నాకు కనబడుతోంది కదా."

పరుగమ్మ చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది. ట్రే అవతలికి జరిగిపోయింది.

సంగతి ముసలాయన చెప్పాడు. నిన్న నాలుగు దాటాక పెద్దక్క రెండో అంతస్తుకి వెళ్లిందట. గోడ పట్టుకుంటూ గది వెతుక్కుని, ఆ రోగి మంచం పక్కన కూర్చుందట. ఆ రోగి ఈవిడెవరో తెలియకుండానే మంచినీళ్లు తాగించమని అడిగిందట. గ్లాసు అందుకోబోయి పెద్దక్క దాన్ని కిందికి తోసేసిందట. కాసేపటికి సూపర్‌వైజర్ దగ్గరికొచ్చి, నాకు కళ్లు కనబడటం లేదు, ఇంక మూటలు కట్టను అని చెప్పిందట. మూడు చుక్కల సంగతి కూడా చెప్పబోతే, ఫైలు మూసేశాను, మళ్లీ తెరవను అందట సూపర్‌వైజర్. పెద్దక్క తన పని కోటు మేకుకి తగిలించి వెళ్లిపోయిందట. అంత పాత మనిషిని గేటు దాకా కూడా ఎవరూ దిగబెట్టలేదని ముసలాయన బాధపడ్డాడు.

పరుగమ్మ మళ్లీ తొట్టె దగ్గరికెళ్లి క్లాంపు తీసింది. కీలు తెరిచి తోమింది. కడిగి మళ్లీ తోమింది. అవతల చూసే కళ్లున్నాయి, రెండోసారి అక్కర్లేదు, అయినా తోమింది. ముఖం మీద తొడుగు లోపల ఆవిరి పట్టి ఆమెకి ఏమీ కనబడలేదు. అది తుడుచుకోవాలంటే గ్లవ్స్ తీయాలి.

రెండింటికి చేతులు కడుక్కుని బయటికొచ్చింది. రోజూ పరుగెత్తే వరండా. గోడ మీది తల్లి నవ్వుతూనే ఉంది. పరుగమ్మ నడిచింది. రెండేళ్లలో ఆ వరండాలో ఆమె నడవడం అదే మొదటిసారి. ఇంటి దగ్గర నాలుగింటి దాకా భర్త ఉంటాడు. బస్సులో అరగంట తీసేసినా, చేతిలో గంటన్నర ఉంది.

వెళ్లి పెద్దక్కని చూడాలనుకుంది. గేటు దాకా వచ్చాక ఆగిపోయింది. పెద్దక్క ఇల్లెక్కడో ఆమెకి తెలియదు. ఇంట్లో ఎవరున్నారో, అసలు ఎవరైనా ఉన్నారో తెలియదు. పెద్దక్క మాత్రం పరుగమ్మ పాప మందుల వేళలు కూడా చెప్పగలదు. రెండేళ్లపాటు రోజుకో అరగంట తీసుకుని, ఎక్కడికెళ్తావక్కా అని తను ఒక్కరోజు కూడా అడగలేదు. అడిగే వేళకి తనెప్పుడూ గుమ్మంలోనే ఉంది. ఆమెకి తన మీద పట్టరాని సిగ్గు కలిగింది.

పెద్దక్క రోజూ తిట్టుకునే పదిహేడో నంబరు బస్సు వచ్చి ఆగింది. అది ఇంటి బస్సు కాదు. పరుగమ్మ ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది. టిక్కెట్ ఇచ్చే అతను వచ్చి ఎక్కడికని అడిగాడు. ఎక్కడ దిగాలో చెప్పలేక, చివరి స్టాపుకి ఇమ్మంది.